కొనని మనిషికి అమ్మిన ఇల్లు

ఇటు జరగండి, ఆ కుర్చీ లాక్కుని నా మోకాలి దగ్గరకి రండి. ఈ వారం సంగతి గొంతు పెంచి చెప్పేది కాదు. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు కనుక ముందుదేదో వెనకదేదో కలిపేస్తానేమో, మీరే సర్దుకోండి. కానీ ఎవరి మాటలు వాళ్ళవిగానే చెప్తాను. మాటలు మాత్రం నాకు పోవు.

మోజెల్ మా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆదివారం మధ్యాహ్నం, బయట ఎండ మండిపోతోంది, లోపల పొయ్యి మీద ఆకుకూర ఉడుకుతోంది.

"పెట్‌వే గారూ," అంది, "నా ఇంటి తాళంచెవి మీ దగ్గరుంది. ఇప్పిస్తారా?"

నన్నే అంటోందని తెలియడానికి కాసేపు పట్టింది. పెట్‌వే గారంటే మా అత్తగారు, ఆవిడ పోయి చాలా కాలమైంది. నన్ను అలా పిలిచేది ఆసుపత్రి కౌంటరు దగ్గర మాత్రమే. మోజెల్‌కి నేను "ఒసే నెల్"ని. కొత్త పెళ్ళికూతుళ్ళుగా ఇద్దరం ఒకే వేసవిలో ఈ ఫార్లీ వీధికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. నా కూతురు లొరేన్‌కి మొదటి స్నానం పోసింది మోజెల్. తన మొగుడు లూథర్‌ని సమాధి చేసిన రోజు తన చెయ్యి వదలకుండా నిలబడింది నేను.

మా వీధిలో ప్రతి ఇంటి తాళంచెవీ పక్కింటి వంటింట్లో ఒక మేకుకి వేలాడుతుంది. మనిషి పడిపోయినా, పొయ్యి ఆపడం మరిచిపోయినా, ఎవరో ఒకరు లోపలికి వెళ్ళగలగాలి కదా. ఇచ్చిన తాళంచెవి వెనక్కి అడగడం మాలో లేదు. ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ళు కూడా అడగరు, కొత్తగా వచ్చేవాళ్ళకి ఇచ్చెయ్యమని చెప్పి పోతారు.

మేకు ఖాళీగా ఉంది. నా మనవరాలు షౌండా, లొరేన్ కూతురు, బల్ల దగ్గర కూర్చుని ఉన్నదల్లా జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. తల ఎత్తలేదు.

మోజెల్ దాన్ని తెల్ల తొడుగు వేసుకున్న చేత్తో తీసుకుంది. చర్చిలో జనాన్ని వరసల్లో కూర్చోబెట్టే సేవ తనది. ఆ ఆదివారాలు నెత్తి నుంచి పాదం దాకా తెలుపే. ఆ రోజు ప్రార్థన మధ్యలో కళ్ళు తిరిగితే, చర్చి పెద్ద ఒకాయన కారులో తెచ్చి ఇంటి ముందు దింపి పోయాడట. నేను పాటల వరసలో ఉండి చూడనేలేదు.

"గుమ్మం ముందు కార్లు చూసి ఎవరో పోయారనుకున్నాను," అంది మోజెల్. "మళ్ళీ, ఆ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే కదా, పోడానికి ఇంకెవరున్నారు అనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆ గొంతులో నవ్వమని లేదు.

"లోపలికెళ్తే ఒకాయన నా పడగ్గదిలో టేపు పెట్టి గోడ కొలుస్తున్నాడు. ఇంకొకాయన స్నానాలగదిలో కుళాయి విప్పి చూస్తున్నాడు. ఒకావిడ లూథర్ కుర్చీలో కూచుని ఫోన్లో మాట్లాడుకుంటోంది. ఆ టేపు మనిషి నన్ను చూసి ఏమన్నాడో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అడిగింది షౌండాని. షౌండా బల్ల మీది పాత గాటు ఒకదాన్ని గోటితో గీకుతోంది.

"చెప్పవే," అంది లొరేన్ పొయ్యి దగ్గర్నుంచి.

"నర్సు అనుకున్నాడు, ఆ తెల్ల బట్టలు చూసి."

"ఏమన్నాడో ఆ మాట చెప్పు."

"'నర్సమ్మా, పెద్దావిడ ఇంకా ఉందా, పోయిందా' అన్నాడు."

లొరేన్‌కి నవ్వు వచ్చేసింది. దాని నోరు అంత, నవ్వు అంత. దగ్గినట్టు చేసి మింగేసింది.

"ఉందని చెప్పాను," అంది మోజెల్. తాళంచెవి చేతిసంచిలో వేసుకుని మూత నొక్కింది. "మీ ఇంటి తాళంచెవి రేపు పొద్దున పంపిస్తాను, పెట్‌వే గారూ."

తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళింది. ధడాలున వేసి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

*

తను మెట్లు దిగిందో లేదో లొరేన్ అందుకుంది.

"మెంఫిస్‌లో ఇన్ని ఇళ్ళుండగా నీకు మోజెల్ పిన్ని ఇల్లే దొరికిందా?"

"తనే అమ్ముతానంది అమ్మా. కప్పు కారుతోంది, గడ్డి కొట్టించలేకపోతోంది, టౌన్లో పెద్దవాళ్ళ అపార్ట్‌మెంట్‌కి పోతానంది. ఎవరికో ఒకరికి అమ్మేదే."

"అమ్ముతానంది సరే. జనాన్ని తోలుకొచ్చి మంచం కింద కూడా చూపించమందా?"

"చూడకుండా ఎవరు కొంటారు?"

"నువ్వు కొంటానన్నావుగా. కనబడ్డ కరెంటు స్తంభానికల్లా పసుప్పచ్చ బోర్డు కట్టావు, ఇళ్ళు కొంటాం, రొక్కం ఇస్తాం అని. రొక్కం. మొన్న పెట్రోలుకి నా పర్సులోంచి తీసుకున్నావు."

"ఆ బోర్డు అలాగే రాయాలి. అందరూ అలాగే రాస్తారు."

"ఓహో. అయితే అందరూ అబద్ధమే రాస్తారన్నమాట."

నేను అడ్డం వెళ్ళాను. "ఉండవే. నువ్వు చేసే పనేంటో ముందు నాకు అర్థమయ్యేట్టు చెప్పు తల్లీ. ఇళ్ళ వ్యాపారం అంటున్నావు, నేనూ నలుగురికీ అలాగే చెప్పుకుంటున్నాను."

అది చెప్పింది. నాకు ఎక్కినంత మీకు చెప్తాను.

గిడ్డంగిలో రాత్రి డ్యూటీలో పెట్టెలు ఎత్తీ ఎత్తీ నడుము పట్టేసి దాని ఉద్యోగం పోయింది. ఒక హోటలు హాల్లో ఈ పని నేర్పుతారంటే వెళ్ళింది. చేతిలో డబ్బు లేనివాళ్ళు కూడా ఇళ్ళ వ్యాపారంలో దిగొచ్చని అక్కడ చెప్పారట. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగిన ఇల్లు, ఉత్తరాలు పెట్టెలోంచి పొంగి కింద పడుతున్న ఇల్లు, కప్పు మీద నీలం పట్టా పరిచిన ఇల్లు వెతుక్కుంటూ కారులో తిరగాలి. ఇంటివాళ్ళెవరో కనుక్కుని ఫోను చెయ్యాలి. ఒప్పుకుంటే, ఇంత ధరకి నేను కొంటాను అని కాగితం రాయించుకోవాలి. కొనడం మాత్రం చెయ్యరు. ఆ కాగితం పట్టుకుని నిజంగా డబ్బున్నవాణ్ణి వెతకాలి, వాడికి ఆ కాగితాన్నే ఇంకొంచెం ఎక్కువ ధరకి రాసివ్వాలి. మధ్యలో ఉన్న తేడా తనది. ఇల్లు ఒక్క పూట కూడా తనది కాదు.

"పెళ్ళిళ్ళు కుదిర్చేవాళ్ళలాగా," అన్నాను.

"అంతే అమ్మమ్మా. తప్పేం లేదు అందులో."

"పెళ్ళి కుదిర్చేవాడు పెళ్ళికొడుకుని నేనేనని చెప్పి పిల్లని ఒప్పించడు," అంది లొరేన్.

షౌండా మళ్ళీ బల్ల మీది గాటు గీకడం మొదలుపెట్టింది.

నాకు దాని మీద కోపం రావలసిన చోట జాలి వచ్చింది. ఈ వేసవంతా స్నానాలగది అద్దం ముందు నిలబడి అది వల్లె వేసుకోవడం నేను వింటూనే ఉన్నాను. "మీ ఇల్లు ఉన్నది ఉన్నట్టే తీసుకుంటామండీ, ఒక్క మేకు కూడా మీరు కొట్టక్కర్లేదండీ" అని. ఒకసారి నవ్వుతూ, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి చర్చి పాస్టరులాగా. ఫోను చేస్తే పెట్టేసినవాళ్ళు, తిట్టినవాళ్ళు, తలుపు కొడితే కుక్కని వదిలినవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచి, కూతురు నియాని ఒళ్ళో పెట్టుకుని, కూర్చునేది. ఊరు ఊరంతా తిరిగితే దాన్ని నమ్మి కుర్చీ వేసింది మోజెల్ ఒక్కతే. నా మనవరాలు కనుక వేసింది.

"ఆ కాగితం చించెయ్యి," అన్నాను.

"నా దగ్గరుంటేగా చించడానికి." షౌండా గీకడం ఆపింది. "ఆ టేపు ఆయన లేడూ, డన్లీవీ గారు. మోజెల్ చిన్నమ్మమ్మ రాకముందే కారు బానెట్ మీద పెట్టుకుని సంతకాలు చేసేశాం. ఇప్పుడా బేరం ఆయనది. శుక్రవారం రిజిస్ట్రేషను."

"నా తల్లే, ఎంత త్వరగా నేర్చుకున్నావు," అంది లొరేన్.

ఆకుకూర అడుగంటిన వాసన వచ్చింది. మా ముగ్గురిలో ఎవరూ గిన్నె దించలేదు.

*

సోమవారం పొద్దున మా తలుపు పిడికి ఒక కాగితం సంచి తగిలించి ఉంది. అందులో మా ఇంటి తాళంచెవి. చీటీ లేదు, ఏమీ లేదు.

నేను వెన్న కేకు చేసుకుని వెళ్ళాను. మోజెల్ లోపలి తలుపు తీసింది కానీ జాలీ తలుపు గొళ్ళెం తియ్యలేదు. ఆ ఇంట్లో జాలీ అవతల నిలబడి మాట్లాడేది బైబిళ్ళు అమ్మేవాళ్ళూ, ఓట్లు అడిగేవాళ్ళూను.

"కేకు తెచ్చాను."

"చక్కెర జబ్బు మనిషిని, మీకు తెలుసు."

"ఎప్పుడూ తెలిసే తెస్తాను. ఎప్పుడూ తెలిసే తింటావు."

జాలీ అవతల మొహం కొంచెం కదిలింది. గొళ్ళెం మీదకి చెయ్యి వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"ధర తక్కువైందనా?" అన్నాను. "అదే అయితే షౌండాతో మాట్లాడి..."

"ధర నేనే తగ్గించాను. అది ఇంకా ఎక్కువే చెప్పింది. నేనే వద్దన్నాను. చిన్నపిల్ల తల్లి, కప్పు వేయించుకోవాలి, వేడినీళ్ళ ట్యాంకు మార్చుకోవాలి, చేతిలో కాస్త మిగలనీ అని."

నేను కేకు పళ్ళెం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాను.

"అడిగాను నెల్," అని, ఆగి, "అడిగానండీ," అని సర్దుకుంది. "నా వంటింట్లో కూచోబెట్టి అడిగాను. ఈ ఇంట్లో ఉండబోయేది నువ్వూ పిల్లా కదమ్మా అని. అవునంది. పొద్దుటెండ వచ్చే గది పిల్లకి బాగుంటుందని కూడా అంది. ఆ గదికి రంగు వేయించాను. పసుపు. ఆ పిల్లకి పసుపంటే ఇష్టం కదా."

"మోజెల్."

"అపార్ట్‌మెంట్ పదో అంతస్తు. కిటికీలు తెరుచుకోవట. ఫరవాలేదు, ఆదివారం ఆదివారం చర్చి అయ్యాక వచ్చి నా వరండాలోనే కూచుంటాను, షౌండా నన్ను పొమ్మనదు అనుకున్నాను. మీరు ఇటు నుంచి వస్తారు, నేను అక్కడే ఉంటాను, ఏమీ మారదు అనుకున్నాను."

"దానికి చెప్పడం చేతకాక..."

"మీ మనవరాలికి మాటలు బాగా వచ్చు."

రోడ్డు మీద ఐసుక్రీము బండి పాట పెట్టుకుని వెళ్ళింది. తను కళ్ళు తుడుచుకోలేదు, నేనూ తుడుచుకోలేదు. తర్వాత తను లోపలి తలుపు మెల్లగా వేసింది.

కేకు వెనక్కి తెచ్చుకున్నాను. లొరేన్ చూసింది, ఏమీ అనలేదు. లొరేన్ ఏమీ అనలేదంటే ఎంత సంగతో ఈ కథ వింటున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

*

షౌండాకి జరిగిందంతా చెప్పాను. అన్నీ విని అది ఒక్క మాటే అడిగింది.

"పసుపా?"

"పసుపే."

వెంటనే ఫోను తీసి డన్లీవీకి చేసింది. మేం కూడా వినేలా పెట్టింది.

"నాకు ఈ బేరం వద్దండీ. నాకు రావలసింది ఏమీ వద్దు. మీరిచ్చిన అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను. కాగితం నాకు ఇచ్చెయ్యండి."

ఆయన విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

"చూడమ్మా, నీకిది మొదటిది. మొదటిదానికి అందరికీ చెయ్యి వణుకుతుంది. నాకూ వణికింది. నేను కూడా నీలాగే స్తంభాలకి బోర్డులు కట్టి మొదలుపెట్టినవాణ్ణే."

"ఆవిడ నా మొహం చూసి అమ్మిందండీ."

"అందరూ ఎవరో ఒకరి మొహం చూసే అమ్ముతారు. గదులు విడగొట్టి వారం అద్దెలకి ఇవ్వడానికి పనివాళ్ళని కూడా మాట్లాడుకున్నాను. ఇప్పుడు వెనక్కి పోతే నాకు నష్టం, నీకు అంతకన్నా నష్టం. ఈ ఊళ్ళో కొనేవాళ్ళం కొద్దిమందిమి, అందరికీ అందరం తెలుసు. ఒకసారి మాట తప్పినదాని ఫోను మళ్ళీ ఎవరూ ఎత్తరు." కాసేపు ఆగాడు. "ఆ నర్సు మాటకి మాత్రం పెద్దావిడకి నా క్షమాపణ చెప్పు. మా అమ్మ చివరిరోజుల్లో ఇంట్లో ఒక నర్సు ఉండేది. ఆ బట్టలు చూసి నోరు జారింది."

షౌండా ఫోను పెట్టేసి నేరుగా మోజెల్ ఇంటికి నడిచింది. నేను వెనక పడ్డాను. నా మోకాళ్ళు దాని నడకని అందుకోలేవు. నేను చేరేసరికి అది జాలీ తలుపు ముందు నిలబడి మాట్లాడేస్తోంది.

"శుక్రవారం రాకు చిన్నమ్మమ్మా. సంతకం పెట్టకు. వాళ్ళేం చేసుకుంటారో చేసుకోనీ. కోర్టుకెళ్తే నా మీదకి వస్తారు, రానీ."

"నీ ఒక్కదాని మీదకేనా? ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉందనుకున్నానే."

షౌండా జాలీ మీద అరచెయ్యి ఆనించింది.

"అడిగి ఉండాల్సింది," అంది. "జనాన్ని తీసుకొస్తానని అడిగి ఉండాల్సింది."

"అడిగి ఉంటే నేనే తలుపు తీసేదాన్ని. కాఫీ పెట్టేదాన్ని. ఆ టేపు మనిషి బూట్లు బయట విప్పించేదాన్ని. నాకు అమ్మడం బాధ కాదే పిల్లా. మా వీధిలో ఇళ్ళు అమ్మలేదా, కొనలేదా."

"అందుకే చెప్తున్నా, రాకు."

"వస్తాను," అంది మోజెల్. "నువ్వే నన్ను తీసుకెళ్తావు. ముందు సీట్లో కూచుంటాను. మీ అమ్మమ్మని వెనక కూచోబెట్టు."

"ఎందుకు?"

మోజెల్ లోపలి తలుపు వేసింది.

*

శుక్రవారం దాకా ఆ ఇంట్లోంచి పెట్టెలు లాగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. సాయం వెళ్ళడానికి నాకు తాళంచెవి లేదు, పిలుపూ లేదు. నా వంటింటి కిటికీలోంచి చూస్తూ గిన్నెలు కడిగాను. కడిగినవే కడిగాను.

శుక్రవారం మోజెల్ నీలం గౌను వేసుకుని వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది. కారులో చల్లగాలి పనిచెయ్యదు, అద్దాలు దించుకుని వెళ్ళాం. దారిలో స్తంభాలకి షౌండా బోర్డులు రెండు మూడు చోట్ల కనబడ్డాయి. ముగ్గురం చూశాం, చూడనట్టు కూర్చున్నాం.

కాగితాలు రాయించే ఆఫీసు చలికి బిగుసుకుపోయి ఉంది. పొడుగు బల్ల, మధ్యలో పిప్పరమెంట్ల గిన్నె. బల్లకి ఒక వైపు కాగితాలు చూసే ఆవిడ, పక్కన డన్లీవీ. ఇటు మేం. డన్లీవీ లేచి మోజెల్‌కి కుర్చీ లాగి వేశాడు. మర్యాదస్తుడే. అందుకే ఆ గదిలో ఎవరి మీద కోపం పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మోజెల్ కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి కాగితం పైనుంచి కిందికి చదివింది. ఎవరూ తొందర పెట్టలేదు. చివరి కాగితం వచ్చింది. ఆవిడ కలం ఇచ్చింది. మోజెల్ కలం తీసుకుని, బల్ల మీద పెట్టేసింది.

"ఒక మాట వినాలి నేను," అంది. "షౌండా, నా వంటింట్లో నిన్ను ఏమడిగాను? నువ్వేం చెప్పావు? వీళ్ళందరి ముందూ చెప్పు."

"ఇది ఇక్కడ అవసరమా అమ్మా?" అన్నాడు డన్లీవీ నెమ్మదిగా.

"మీకు కాదు బాబూ. నాకు అవసరం."

నేను కూడా అర్థం చేసుకున్నాను, ఇంత చదువు లేనిదాన్ని. షౌండా నిజం చెప్తే ఆ ఆఫీసులో, ఆ డన్లీవీ ముందు, దాని వ్యాపారం మొదలుకాకముందే ముగిసిపోయినట్టు. చెప్పకుండా తల దించుకుంటే మోజెల్ సంతకం పెట్టేస్తుంది, డబ్బు వచ్చేస్తుంది, కానీ మా వంటింట్లో ఇక ఎవరూ దాని మొహం చూడలేరు.

షౌండా చేతులు బల్ల కింద పెట్టుకుంది. చిన్నప్పుడు లొరేన్ తిడుతుంటే అలాగే పెట్టుకునేది.

"ఈ ఇంట్లో ఉండబోయేది నువ్వూ పిల్లా కదా అని అడిగింది," అంది. "అవునన్నాను. ఉండనని నాకు అప్పటికే తెలుసు. ఉండనంటే అమ్మదేమోనని చెప్పలేదు."

ఏడవలేదు. దాని గొంతు వల్లె వేసుకున్న ఏ గొంతులాగానూ లేదు.

కాగితాలు చూసే ఆవిడ ఆ చివరి కాగితాన్ని మెల్లగా తన వైపుకి లాక్కుంది. "అమ్మా, ఈ మాట విన్నాక ఇది నేను ముందుకి నడపలేను. మీరు కావాలంటే ఇంతటితో ఆపేస్తాను. మీ ఇల్లు మీకే ఉంటుంది. మిమ్మల్ని ఎవరూ బలవంతం చెయ్యలేరు."

డన్లీవీ కిటికీ వైపు చూశాడు.

అయిపోయింది అనుకున్నాను. ఇంటికి పోతాం, కప్పు బాగుచెయ్యడానికి చర్చిలో నలుగురినీ అడుగుతాం, ఆదివారానికి ఆకుకూర సరిగ్గా వండుతాను. అప్పటికే మనసులో కూరగిన్నె పొయ్యి మీద పెట్టేశాను.

"ఇటివ్వండి," అంది మోజెల్.

ఆవిడ ఇవ్వలేదు.

"ఇవ్వండమ్మా. అప్పుడు తెలియక అమ్మాను. ఇప్పుడు తెలిసి అమ్ముతాను. ఆ తేడా కోసమే ఇంత దూరం వచ్చింది."

"వద్దే మోజెల్," అన్నాను. "ఇల్లు నిలబడింది కదే."

"ఇల్లు నిలబడిందే. నేనే అందులో పడుకోలేకపోతున్నాను. ఏ చప్పుడైనా ఎవరో గోడ కొలుస్తున్నట్టుంది. ఆ పసుపు గది తలుపు వేసి పెట్టాను, దాటి వెళ్ళలేక." కాగితం తనే లాక్కుంది. "ఇన్నేళ్ళూ అది నా ఇల్లని నేనెప్పుడూ అనుకోవాల్సిన పని రాలేదు నెల్. ఈ వారం రోజుకి పదిసార్లు అనుకోవాల్సి వచ్చింది."

సంతకం పెట్టింది. పేరు మొత్తం, ఒక్క అక్షరం కూడా కలిసిపోకుండా. పెట్టాక షౌండా వైపు తిరిగింది.

"నిజం చెప్పావు. బాగుంది. అది ఆ రోజు చెప్పి ఉంటే కూడా నీకే అమ్మేదాన్నేమో, తల్లీ. ఏమో. ఇక మనకి తెలియదు."

లేచి, చేతిసంచి తీసుకుని, మెల్లగా బయటికి నడిచింది.

షౌండా నా కన్నా ముందు బయటపడింది. పరిగెత్తుకెళ్ళి కారు ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడింది. మోజెల్ ఆ తలుపు పక్కనుంచి దాటి, రోడ్డు వారనే బస్సు స్టాపు దాకా వెళ్ళి, బెంచీ మీద కూర్చుంది. వెనక నుంచి డన్లీవీ వచ్చాడు, చేతిలో కవరు. "అమ్మాయ్, నీ వాటా చెక్కు బల్ల మీదే వదిలేశావు" అన్నాడు. షౌండా కవరు వైపు చూడలేదు, చెయ్యి చాచలేదు. తలుపు పట్టుకునే ఉంది.

"అమ్మమ్మా, నువ్వైనా ఎక్కు," అంది.

మూల తిరిగి బస్సు వస్తోంది. బెంచీ మీద మోజెల్ పక్కన ఇంకొక మనిషికి చోటుంది. ఇటు నా మనవరాలు, ఎండలో, తెరిచిన తలుపు పట్టుకుని. నేను ఆ ఇద్దరి మధ్య, ఒక కాలు ఫుట్‌పాత్ మీద, ఒక కాలు రోడ్డు మీద.

ఇంతవరకూ గుర్తుంచుకోండి, ఆ కాలు ఎటు వేశానో మాత్రం నన్నడక్కండి. రేపు ఎవరికైనా ఈ కథ చెప్పాల్సి వస్తే, ముసలావిడని మోసం చేశారని ఒక్కటే చెప్పి ఊరుకోకండి. అన్నీ తెలిసి, కలం తన చేత్తోనే పట్టుకుని సంతకం పెట్టిందని చెప్పండి. నా షౌండా నలుగురిలో నిజం చెప్పిందని చెప్పండి, ఆలస్యంగా చెప్పిందని కూడా చెప్పండి. అందులో ఏది వదిలేసినా అది మా ఫార్లీ వీధి కథ కాదు.